వ్యాపారపు ఇంగ్లీషు మాటలు: పూచీ ఉన్న మాట ఏది, లేని మాట ఏది?

మన సంఘాల సభ్యులలో ఇంగ్లీషు చదవడం రానివారు చాలామంది ఉన్నారు. కాని ఇంగ్లీషు మాటలు వాడనివారు మాత్రం ఒక్కరు కూడా లేరు. ఎమ్మార్పీ, ఆఫర్, స్కీము, డిస్కౌంటు, గ్యారంటీ, కమీషను, బోనస్, అడ్వాన్సు వంటి మాటలు పాలకేంద్రం దగ్గర, దాణా కొట్టులో, సంతలో రోజూ వినబడేవే. ఇవి మనకు పరాయి మాటలుగా కూడా తోచవు. చిక్కు అక్కడే ఉన్నది. వాడి వాడి అలవాటైన మాటకు అర్థం కూడా మనకు తెలుసునని అనుకుంటాము. వ్యాపారి ఆ మాటను ఒక అర్థంలో అంటాడు, మనం మరొక అర్థంలో వింటాము. ఆ రెండు అర్థాల మధ్య ఉన్న దూరమే మన జేబులోంచి పోయే డబ్బు.

ఈ మాటలను రెండు రాశులుగా విడదీసుకొంటే గ్రహించడం సులభం. మొదటి రాశిలోవి పూచీ ఉన్న మాటలు. వీటిని వాడినవాడు చట్టరీత్యా వాటికి కట్టుబడి ఉండాలి. తప్పితే నిలదీసి అడగవచ్చును. రెండవ రాశిలోవి ఉత్త పొగడ్త మాటలు. వాటికి ఎవరి పూచీ లేదు. డబ్బు చెల్లించే ముందు "ఈ మాట ఏ రాశిలోది?" అని ఒక్క నిమిషం ఆలోచించడం అలవాటు చేసుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. సభ్యులు కొనేవారే కాక అమ్మేవారు కూడా కనుక, ఈ విచక్షణ రెండు వైపులా అవసరం.

పశువు నుంచి పుట్టిన మాటలు

ముందుగా ఒక సంగతి చెప్పుకొందాము. వ్యాపారపు ఇంగ్లీషులో చాలా పెద్ద మాటలు పశువుల కొట్టంలో పుట్టినవే. మనం పెట్టుబడి అని చెప్పుకొనే 'క్యాపిటల్', పశువులు అనే అర్థమిచ్చే 'క్యాటిల్' ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చినవి. బడిలో, ఆసుపత్రిలో మనం కట్టే 'ఫీజు' వెనుక ఉన్న పాత ఇంగ్లీషు మాటకు పశువులనీ, ఆస్తి అనీ రెండర్థాలు ఉండేవి. డబ్బుకు సంబంధించినది అని చెప్పే 'పెక్యూనియరీ' అనే మాట పశువు అనే అర్థం గల 'పెకుస్' నుంచి పుట్టినది. ఆ దేశాలలో కూడా ఒకప్పుడు మంద ఎంతో ఆస్తి అంత. మనం పశుసంపద, గోధనం అంటున్నది కూడా ఇదే భావంతో.

'బ్రాండు' అనే మాట కథ ఇంకా దగ్గరిది. బ్రాండు అంటే మొదట కాలే కొరివి. తరువాత, పశువు ఎవరిదో తెలియడానికి కాల్చిన ఇనుముతో వేసే వాతకు ఆ పేరు వచ్చినది. మంద కలిసిపోయినప్పుడు, పశువు తప్పిపోయినప్పుడు ఆ వాతను చూసి యజమానిని గుర్తు పట్టేవారు. ఇప్పుడు ఆ వాత పశువు మీద నుంచి ప్యాకెట్ మీదకు ఎక్కినది. అర్థం మాత్రం మారలేదు: "ఈ సరుకు నాది, మంచికీ చెడ్డకూ నేనే జవాబుదారీ" అని చెప్పడమే బ్రాండు.

బ్రాండు పేరును కాపాడే చట్టరూపం 'ట్రేడ్ మార్కు'. పేరు పక్కన చిన్నగా 'టి ఎమ్' అని ఉంటే, ఆ పేరు తమదని వారు చెప్పుకొంటున్నారని మాత్రమే అర్థం. సున్న చుట్టిన 'ఆర్' అక్షరం ఉంటే 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద అది రిజిస్టరు అయినదని అర్థం. రిజిస్టరు కాకుండా ఆ గుర్తు వేసుకోవడం నేరం. అయితే ఆ గుర్తు పేరు ఎవరిదో చెబుతుందే కాని సరుకు మంచిదని చెప్పదు. ఇది గుర్తుంచుకోవలెను.

పొగడ్తకూ పూచీకీ తేడా తేల్చిన కేసు

'అడ్వర్టైజ్‌మెంట్' అనే మాటకు మూలార్థం దృష్టిని తన వైపు తిప్పుకోవడం. మన భాషలో ప్రకటన అంటున్నాము. డబ్బిచ్చి వేయించుకొనేది అడ్వర్టైజ్‌మెంట్. డబ్బివ్వకుండా నలుగురి నోటా, పత్రికల వార్తలలో వచ్చే పేరు 'పబ్లిసిటీ'. ప్రకటనలో ఉన్నదంతా ప్రకటనదారు తన గురించి తాను చెప్పుకొన్న మాటే. "మా దాణా నంబర్ వన్", "ఇలాంటి దాణా మరెక్కడా దొరకదు" అనేవి ఈ కోవలోవి. ఇంగ్లీషులో దీనిని 'పఫ్' అంటారు. ఉఫ్ అని ఊదిన గాలి అని అర్థం. మాటలు కోటలు దాటుతాయి కాని కాళ్లు గడప దాటవని మనవాళ్లు అన్నది ఇటువంటి వాటినే.

అయితే ప్రకటనలోని మాట ప్రతిదీ పఫ్ కాదు. ఈ తేడాను తేల్చిన కేసు ఒకటి లండనులో జరిగినది. కార్బాలిక్ స్మోక్ బాల్ అని ముక్కుతో పీల్చే మందు ఒకటి అక్కడ అమ్మేవారు. చెప్పిన విధంగా రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు వాడిన తరువాత కూడా ఇన్‌ఫ్లూయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని 1891లో కంపెనీ పత్రికలలో ప్రకటించినది. ఇందుకోసం బ్యాంకులో 1,000 పౌండ్లు జమ చేశామని కూడా అందులో వ్రాసినది. శ్రీమతి కార్లిల్ అనే ఆమె మందు కొని చెప్పినట్లే వాడినది. అయినా ఆమెకు జ్వరం వచ్చినది. డబ్బు అడిగితే, అది ఉత్త ప్రకటన మాత్రమేనని కంపెనీ తప్పించుకోజూచినది. 1892లో అప్పీలు కోర్టు కంపెనీ వాదాన్ని త్రోసిపుచ్చి ఆమెకు 100 పౌండ్లు ఇప్పించినది. ఇంత మొత్తం ఇస్తామని చెప్పి, బ్యాంకులో సొమ్ము కూడా వేశామని వ్రాసినవాడు అది ఉత్తమాట అని తరువాత అనడానికి వీల్లేదన్నది కోర్టు.

ఇందులో మనం నేర్చుకోవలసిన పాఠం సులువైనది. ప్రకటనలో అంకె, గడువు, షరతు ఉన్న మాట పూచీ వైపు మొగ్గుతుంది. ఇవేవీ లేని మాట పొగడ్త వైపు మొగ్గుతుంది. "మా దాణాతో పాలు బాగా పెరుగుతాయి" అన్నది పొగడ్త. "ఇందులో మాంసకృత్తులు 20 శాతానికి తగ్గవు" అన్నది పూచీ. మొదటి మాటను నమ్మి కొని నష్టపోతే నిరూపించడం కష్టం. రెండవ దానిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి నిరూపించవచ్చును.

చట్టం బిగించిన మాటలు

ఎమ్మార్పీ అంటే గరిష్ఠ చిల్లర ధర. అన్ని పన్నులూ అందులో కలిసే ఉంటాయి. దాని మీద పన్ను పేరు చెప్పి ఒక్క పైసా అదనంగా తీసుకోకూడదు. ఇక్కడ మనవారు తరచు పొరబడేది ఒకటి ఉన్నది. ఎమ్మార్పీ అంటే సరుకుకు ప్రభుత్వం కట్టిన ధర అనుకొంటారు. అది నిజం కాదు. చాలా సరుకులకు ఆ అంకె వేసేది తయారుదారే. అది దాటరాని గట్టు మాత్రమే. అంతకు తక్కువకు అమ్మవచ్చును, మనం తక్కువకు అడగవచ్చును.

'నెట్' అంటే సంచి, డబ్బా బరువు పోగా మిగిలిన అసలు సరుకు. 'గ్రాస్' అంటే అన్నీ కలిపి. కాటా వేసేటప్పుడు ఈ రెండింటి భేదం మరువకూడదు. 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద నెట్ పరిమాణం, ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, తయారుదారు లేక ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, ఫిర్యాదు చేయడానికి వివరాలు ఉండాలి. కిలోకు లేదా గ్రాముకు ఎంత పడుతుందో చెప్పే 'యూనిట్ సేల్ ప్రైస్' కూడా వేస్తున్నారు. లవణ మిశ్రమం 900 గ్రాముల ప్యాకెట్ ఒకటి, కిలో ప్యాకెట్ ఒకటి పక్కపక్కన పెట్టి బేరం చూడవలసి వస్తే ముందుగా చూడవలసిన అంకె ఇదే. పెద్ద బస్తాల మీద ఈ వివరాలన్నీ ఉండకపోవచ్చును. అందుచేత బస్తా కొన్నప్పుడు బిల్లు తప్పక తీసుకోవలెను.

'యూజ్ బై' లేక 'ఎక్స్‌పైరీ' అంటే ఆ తేదీ దాటితే వాడకూడదని. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ వరకు రుచి, గుణం పూర్తిగా ఉంటాయని. రెండూ ఒకటి కావు.

'గ్యారంటీ', 'వారంటీ' మాటలను బజారులో కలిపి వాడేస్తున్నారు. చెడిపోతే కొత్తది ఇచ్చేది గ్యారంటీ, బాగుచేసి ఇచ్చేది వారంటీ అని వాడుకలో ఉన్న అర్థం. కాని చట్టంలో వీటి అర్థాలు వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో గ్యారంటీ అంటే ఒకరి అప్పుకు మరొకరు పడే హామీ, అంటే మన జామీను. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టంలో 'కండిషన్' తప్పితే కొనుగోలునే రద్దు చేసుకోవచ్చును. 'వారంటీ' తప్పితే నష్టపరిహారం మాత్రమే అడగవచ్చును. కనుక పాలు పితికే యంత్రమో, గడ్డి కోసే యంత్రమో కొనేటప్పుడు "గ్యారంటీ ఉందా?" అని అడిగి ఊరుకోకూడదు. "ఏ భాగానికి, ఎన్ని నెలలు, చెడిపోతే కొత్తది ఇస్తారా, బాగుచేస్తారా, రాకపోకల ఖర్చు ఎవరిది?" అని అడిగి కాగితం మీద వ్రాయించుకోవలెను.

'ప్రీమియం' మరో చిత్రమైన మాట. పశువుల బీమాలో ప్రీమియం అంటే మనం కట్టే సొమ్ము. అది కడితేనే పాలసీ అమలులో ఉంటుంది. దాణా బస్తా మీద ప్రీమియం అంటే మేలురకం అని చెప్పుకోవడం. మొదటిది పూచీ ఉన్న మాట, రెండవది పొగడ్త. మాట ఒకటే అయినా ఉన్న చోటును బట్టి రాశి మారుతుంది.

దాణా బస్తా చదివే విధానం

బస్తా ముందు వైపు పాలు పొంగే బిందె, బలిసిన గేదె బొమ్మ ఉంటాయి. ఆ బొమ్మలు చూడడానికే. బస్తా వెనుక వైపో, దానికి కుట్టిన చీటీ మీదనో చిన్న అక్షరాలలో నాలుగైదు అంకెలు ఉంటాయి. మనం చదవవలసినవి అవి.

అక్కడ 'మినిమమ్', 'మాక్సిమమ్' అని రెండు మాటలు ఉంటాయి. మినిమమ్ అంటే కనీసం ఇంత, మాక్సిమమ్ అంటే ఇంతకు మించదు. మాంసకృత్తులు, కొవ్వు మనకు కావలసినవి కనుక వాటి పక్కన మినిమమ్ ఉంటుంది. తేమ, పీచు, ఇసుక వంటివి తక్కువ ఉండాలి కనుక వాటి పక్కన మాక్సిమమ్ ఉంటుంది. ఇసుకను 'యాసిడ్ ఇన్‌సాల్యుబుల్ యాష్' అని వ్రాస్తారు. ఆమ్లంలో కరగని బూడిద అని అర్థం. ఆ మాట వెనుక దాగినది మట్టి, ఇసుకే.

మాంసకృత్తులను 'క్రూడ్ ప్రొటీన్' అంటారు. ఇక్కడ క్రూడ్ అంటే నాసిరకం అని కాదు, లెక్క కట్టిన మొత్తం అని. దాణాలోని నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చించి ఈ అంకె తీస్తారు. యూరియాలో కూడా నత్రజని ఉన్నది కనుక యూరియా కలిపినా ఈ అంకె పెరుగుతుంది. కాబట్టి అంకె ఒక్కటే చూచి తృప్తి పడక యూరియా సంగతి కూడా అడగవలెను.

ఇప్పుడొక లెక్క చూద్దాము. అంకెలు ఉదాహరణకు తీసుకొన్నవి. ఒక కొట్టులో 50 కిలోల బస్తా 1,200 రూపాయలు, క్రూడ్ ప్రొటీన్ కనీసం 20 శాతం. మరొక కొట్టులో అంతే బస్తా 1,050 రూపాయలు, ప్రొటీన్ కనీసం 16 శాతం. రెండవది 150 రూపాయలు చౌక. కాని మొదటి బస్తాలో ప్రొటీన్ 10 కిలోలు, రెండవ దానిలో 8 కిలోలు. కిలో ప్రొటీన్ మొదటి దానిలో 120 రూపాయలకు, రెండవ దానిలో 131 రూపాయల 25 పైసలకు పడుతున్నది. చౌక బస్తా ప్రొటీన్ విషయంలో ప్రియమైనదన్నమాట. కొట్టువాడు మనల్ని మోసగించలేదు. అంకెలు బస్తా మీదనే ఉన్నవి. మనమే చదవలేదు.

ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న దాణాకు భారతీయ ప్రమాణాల సంస్థ పరీక్ష ఉంటుంది. పశువుల సమీకృత దాణా ప్రమాణం సంఖ్య ఐ.ఎస్. 2052. ఆ గుర్తుతో పాటు లైసెన్సు సంఖ్య కూడా ఉన్నదీ లేనిదీ చూడవలెను. "ఐ.ఎస్.ఐ. నాణ్యతతో సమానం" అని మాటలలో మాత్రమే వ్రాస్తే అది గుర్తు కాదు, పొగడ్త.

ఫ్రీ, ఆఫర్, డిస్కౌంటు

మన సంతలలో కొసరు ఎప్పటి నుంచో ఉన్నది. బేరం ముగిసి, తూకం వేసిన తరువాత, అమ్మే మనిషి తన చేతితో మరికొంత వేస్తే అది కొసరు. నేటి 'ఫ్రీ' కొసరు కాదు. అది బేరానికి ముందే లెక్క వేసి ధరలో కలిపి పెట్టినది.

అయిదు బస్తాలు కొంటే ఒకటి ఫ్రీ అన్నారనుకొందాము. బస్తా 1,200 చొప్పున అయిదింటికి 6,000 చెల్లించి ఆరు బస్తాలు తెచ్చుకొంటాము. బస్తా 1,000 రూపాయలకు పడినట్లు. అంటే తగ్గింపు ఆరవ వంతు, సుమారు 17 శాతం. అయిదింటికి ఒకటి కనుక 20 శాతం లాభం అని తోస్తుంది, కాని అది సరికాదు. సరే, 17 శాతమైనా మేలే కదా అంటే, ఒక్క గేదె ఉన్న ఇంటికి రోజుకు రెండున్నర కిలోల చొప్పున ఒక బస్తా 20 రోజులు వస్తుంది. ఆరు బస్తాలు నాలుగు నెలలకు సరిపోతాయి. వానాకాలంలో తేమకు ఒక్క బస్తా బూజు పట్టిందా, మిగిలిన అయిదు బస్తాలూ మళ్లీ 1,200 చొప్పునే పడినవి. బూజు దాణా పెడితే పశువుకు వచ్చే జబ్బు ఖర్చు దీనికి అదనం. ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి కొని పంచుకొంటేనే ఇటువంటి ఆఫరు నిజంగా గిట్టుబాటు అవుతుంది.

'డిస్కౌంటు మీద డిస్కౌంటు' కూడా ఇట్టిదే. 20 శాతం, ఆపైన 10 శాతం అంటే 30 శాతం కాదు. 100 రూపాయలలో 20 పోగా 80; ఆ 80లో పదవ వంతు 8 పోగా 72. తగ్గింపు 28 రూపాయలే.

సంఘం తరఫున నెయ్యి, దాణా అమ్మే కార్యదర్శులు 'మార్జిన్', 'మార్కప్' అనే మాటల భేదం తెలుసుకోవలెను. 80కి కొని 100కు అమ్మితే లాభం 20. అమ్మిన ధర మీద లెక్కిస్తే మార్జిన్ 20 శాతం. కొన్న ధర మీద లెక్కిస్తే మార్కప్ 25 శాతం. ఎదుటివారు చెప్పే శాతం దేని మీదనో అడగకుండా ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు.

'కండిషన్స్ అప్లై' అంటే పైన చెప్పినదానికి షరతులు ఉన్నవని. కేంద్ర ప్రభుత్వం 2022లో విడుదల చేసిన తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాల ప్రకారం ప్రకటన ఏ భాషలో ఉంటే షరతులు కూడా అదే భాషలో, స్పష్టంగా చదవగలిగేటట్లు ఉండాలి. తెలుగులో ఆశ చూపి ఇంగ్లీషులో షరతు పెట్టడానికి వీల్లేదు. ఫ్రీ అని చెప్పి, తెచ్చుకొనే ఖర్చు వంటి తప్పనిసరివి కాక మరే సొమ్మైనా తీసుకొంటే అది ఫ్రీ కాదని కూడా అవే మార్గదర్శకాలు చెబుతున్నవి.

పాలు పోసే చోట వినిపించే మాటలు

ఇంతవరకు మనం కొనేవారము. ఇప్పుడు అమ్మేవారము. ఇక్కడ మాట అర్థం తప్పితే నష్టం ఒక బస్తాతో పోదు, ఏడాది పొడుగునా ఉంటుంది.

మొదటిది కిలో, లీటరు. లీటరు పాలు సుమారు కిలో 30 గ్రాములు తూగుతాయి. సంఘం కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున ఇస్తున్నదనుకొందాము. 6 శాతం వెన్న ఉన్న కిలో పాలలో వెన్న 60 గ్రాములు, ధర 48 రూపాయలు. బయటి వర్తకుడు "నేను 50 ఇస్తాను" అంటాడు. రెండు రూపాయలు ఎక్కువని తోస్తుంది. కాని అతడు చెప్పింది లీటరుకు. సంఘం ధరను లీటరుకు మార్చితే 49 రూపాయల 44 పైసలు. నిజమైన తేడా 56 పైసలు మాత్రమే. కనుక ధర చెప్పగానే "కిలోకా, లీటరుకా? ఎంత వెన్నకు, ఎంత ఎస్.ఎన్.ఎఫ్.కు?" అని అడగవలెను.

రెండవది 'ఇన్సెంటివ్'. ప్రోత్సాహకం అని అర్థం. ఇది ధరలో భాగం కాదు. ఇచ్చేవాడు తనకు పాలు అవసరమున్నన్నాళ్లు ఇస్తాడు. వేసవిలో పాల కొరత ఉన్నప్పుడు ఇచ్చిన ఇన్సెంటివ్, శీతకాలంలో పాలు పుష్కలమైనప్పుడు ఆగిపోతే అడగడానికి ఆధారం ఉండదు. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, ఓడ దాటాక బోడి మల్లయ్య అన్నట్లు అవుతుంది. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్న గడువు కాగితం మీద ఉంటేనే అది పూచీ ఉన్న మాట అవుతుంది. ఈ నియమం ప్రైవేటు వర్తకునికే కాదు, సహకార సంస్థ ఇచ్చే ఇన్సెంటివ్‌కూ వర్తిస్తుంది.

మూడవది 'బోనస్', 'డివిడెండు'. ఈ రెండూ సంఘం మిగులు నుంచి వచ్చేవే అయినా కొలత వేరు. డివిడెండు వాటాధనం మీద వస్తుంది. బోనస్ సంవత్సరంలో పోసిన పాలను బట్టి వస్తుంది. రెండు వాటాలు ఉన్న ఇద్దరు సభ్యులకు డివిడెండు సమానమే. కాని వారిలో ఒకరు ఏడాది పొడుగునా పాలు పోసి, మరొకరు అప్పుడప్పుడు పోస్తే బోనస్ సమానం కాదు. బోనస్ అంటే ఎవరో దయతలచి ఇచ్చే బహుమానం కాదు. ముందుగా చెల్లించగా మిగిలిన మన పాల సొమ్ములో మన వంతు. మిగులు ఎంత, నిధులకు ఎంత పోయింది, పంపకానికి ఎంత వచ్చింది అని సర్వసభ్య సమావేశంలో అడిగే హక్కు ప్రతి సభ్యునికి, సభ్యురాలికి ఉన్నది. అడగకుండా ఊరుకొంటే బోనస్ కూడా ఉత్తమాటగా మిగిలిపోగలదు.

నాలుగవది, అన్నిటికన్నా బరువైనది, 'అడ్వాన్సు'. ముందుగా ఇచ్చిన సొమ్ము అని దాని అర్థం. వినడానికి సాయంలా ఉంటుంది కాని అది అప్పు. పండుగ ముందు, పిల్లల చదువులప్పుడు, పశువు చనిపోయినప్పుడు ఆ సొమ్ము అవసరపడుతుంది; తీసుకోవద్దని మేము చెప్పడం లేదు. కాని అడ్వాన్సు తీరేదాకా వారికే పాలు పోయాలన్న షరతు ఉంటే, వారు చెప్పిన వెన్నకూ, వారు కట్టిన ధరకూ తలవంచక తప్పదు. అప్పుడు వడ్డీ కాగితం మీద కనిపించదు, పాల ధరలో కనిపిస్తుంది. వడ్డీ ఎంత, ధర ఎవరు నిర్ణయిస్తారు, వాయిదా ఎంత, వేరే చోట పాలు పోయవచ్చునా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు తెలుసుకొన్న తరువాతనే వేలిముద్ర గాని, సంతకం గాని వేయవలెను.

మన ప్యాకెట్ మీది మాటలు

మనం పోసిన పాలు పట్నం చేరేసరికి వాటికి కూడా ఇంగ్లీషు పేర్లు వస్తాయి. ఈ పేర్లకు చట్టం అంకెలు బిగించినది. ఫుల్ క్రీమ్ పాలలో వెన్న కనీసం 6 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 9 శాతం ఉండాలి. స్టాండర్డైజ్డ్ పాలలో వెన్న 4.5, ఎస్.ఎన్.ఎఫ్. 8.5. టోన్డ్ పాలలో వెన్న 3, ఎస్.ఎన్.ఎఫ్. 8.5. డబుల్ టోన్డ్ పాలలో వెన్న 1.5, ఎస్.ఎన్.ఎఫ్. 9 శాతం.

టోన్డ్ అంటే నీళ్లు కలిపినవని కొందరు చులకనగా మాట్లాడుతారు. అది సరికాదు. చిక్కని గేదె పాలకు వెన్న తీసిన పాలపొడి, నీరు తగు పాళ్లలో చేర్చి ధర అందుబాటులోకి తెచ్చే పద్ధతిని 1940లలో బొంబాయిలో దారా ఖురోడీ వాడుకలోకి తెచ్చారు. 1963లో వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో కలిసి మెగసెసె బహుమతి పొందినవారు ఆయనే. నీళ్లు కలిపిన పాలలో వెన్నతో పాటు ఎస్.ఎన్.ఎఫ్. కూడా పడిపోతుంది. టోన్డ్ పాలలో ఎస్.ఎన్.ఎఫ్. పడిపోకూడదు. అదే భేదం.

'ప్యూర్', 'నేచురల్', 'ఫ్రెష్' అనే మాటలు ఒకప్పుడు ఎవరిష్టం వచ్చినట్లు వారు వాడుకొనేవారు. 2018లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ప్రకటనల మీద నిబంధనలు తెచ్చి వీటిని కూడా కట్టడి చేసినది. వేరే ఏదీ కలపని ఒకే పదార్థానికే ప్యూర్ అనే మాట వర్తిస్తుంది. పొగడ్త రాశిలో ఉన్న మాట పూచీ రాశిలోకి మారడానికి ఇదొక ఉదాహరణ.

ఎదుటివారి సరుకును తక్కువ చేసి చూపడాన్ని 'డిస్పారేజ్‌మెంట్' అంటారు. ఈ విషయంలో సహకార సంస్థలకు కూడా మినహాయింపు లేదు. పాల ఐస్‌క్రీముకు, వృక్షజన్య కొవ్వుతో చేసే ఫ్రోజెన్ డిజర్టుకు భేదం చూపుతూ అమూల్ ప్రసారం చేసిన ప్రకటనల మీద హిందుస్తాన్ యూనిలీవర్ కోర్టుకు వెళ్లగా, 2017లో బొంబాయి హైకోర్టు ఆ ప్రకటనలను నిలుపు చేసినది. మన సరుకు గురించి నిజం చెప్పవచ్చును. ఆ చెప్పే తీరులో పోటీదారు సరుకును కించపరచితే అది తప్పు అవుతుంది.

మన బ్రాండుకు అసలు పూచీ కంపెనీ కాగితాలలో లేదు, సభ్యుని పాలక్యానులో ఉన్నది. ఒక్క క్యానులో నీళ్లు గాని, సోడా గాని కలిస్తే ప్యాకెట్ మీది మాట అబద్ధమవుతుంది. ఆ అబద్ధం చెప్పినవారు మనమందరం అవుతాము. మందలో ఒక్క పశువు పక్కవాడి చేనులో పడితే వాత చూసి యజమానినే పట్టుకొంటారు కదా!

మాట తప్పితే ఎక్కడ అడగాలి?

1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జూలై నుంచి అమలులో ఉన్నది. తప్పుదారి పట్టించే ప్రకటన ఇచ్చినవారికి మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చును. వ్యాపారం కోసం కొన్నవారు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. కాని స్వయంగా శ్రమించి జీవనోపాధి కోసం మాత్రమే కొన్నవారికి ఈ మినహాయింపు అడ్డు రాదు. విత్తనాలు కొన్న రైతు వినియోగదారుడేనని జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పినది. కనుక ఒకటి రెండు పశువులతో బతికే సభ్యుడు దాణా విషయంలో నాకు దారి లేదని అనుకోనక్కరలేదు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు.

ఇందుకు కావలసినవి మూడు: బిల్లు, బస్తాకు కుట్టిన చీటీ, కొంత సరుకు. బస్తా ఖాళీ అయ్యేదాకా చీటీ పారవేయవద్దు.

సంఘాల కార్యదర్శులకు మా మనవి ఒక్కటే. ఈ వ్యాసాన్ని పాలకేంద్రంలో పాలు పోసే వేళ కొంచెం కొంచెంగా చదివి వినిపించండి. చదవడం వచ్చిన పిల్లల చేత ఇంట్లో ఉన్న దాణా బస్తా చీటీ చదివించమని సభ్యులకు చెప్పండి. సంఘం అమ్మే దాణా బస్తాతోనే మొదలుపెట్టండి. మినిమమ్ ఎంత, మాక్సిమమ్ ఎంత, నెట్ ఎంత అని సభ్యులు మనలను అడిగినప్పుడు మనం తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. అప్పుడే బయటివారిని అడిగే ధైర్యం సభ్యులకు వస్తుంది.